కట్టప్ప మాటలో ఒక్క ముక్క మార్చినయెడల

ధ్యాన భాగములు: 1 సమూయేలు 15, 2 సమూయేలు 11, 12, లూకా 15:11–24



గడచిన మాసములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మా మరిపెడలో యౌవనుల కూటము జరిగెను. ఆ దినపు పాఠము సౌలు రాజు ఒప్పుకోలు. పాఠము చెప్పు వంతు నాది. తప్పు ఒప్పుకొనుటకును సాకు చెప్పుటకును గల భేదమేమి అని నేను అడుగగా చాలసేపు ఎవరును పలుకలేదు. చివరకు ఇంటరు చదువుచున్న ఒక పిల్ల లేచి, "తాతా, బాహుబలిల కట్టప్ప చెప్పినట్టు చెప్తే ఒప్పుకున్నట్టు. అదే మాట కొంచెం మార్చి చెప్తే సాకు అయితది" అనెను. పిల్లలందరు నవ్విరి. నేనును నవ్వి, పాఠము ముగించి, ప్రార్థన చేసి పంపివేసితిని. ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట నన్ను విడువలేదు. ఆ పిల్ల సరిగా చెప్పినదని నాకు తోచెను. అది నా స్వంత లెక్కలలో ఒకదానిని తిరిగి తెరిచెను. ఆ సంగతి తరువాత చెప్పెదను.

సినిమా మాటకు సంఘ పత్రికలో చోటేమి అని పెద్దలు కొందరు అనవచ్చును. మా తల్లిదండ్రుల దినములలో సినిమా హాలుకు పోయివచ్చిన పిల్లవాడు ఆ రాత్రి ఇంటిలో దెబ్బలు తినక తప్పెడిది కాదు. అయితే 1978లో "కరుణామయుడు" వచ్చిన పిమ్మట ఆ చిత్రమును తెర కట్టి ఊరూర చూపించినవారు మనవారే. మన ప్రభువు కూడ వినువారు ఎరిగిన విత్తనమును, పులిసిన పిండిని, పోయిన నాణెమును తీసికొని వారు ఎరుగని దానిని తెలిపెను. మన పిల్లలు ఎరిగినది ఈ కథ. గనుక ఈ నెల దీనినుండియే ఆలోచింతము.

శ్రీ ఎస్. ఎస్. రాజమౌళి గారు తీసిన ఈ చిత్రము మొదటి భాగము 2015 జూలై 10న, రెండవ భాగము 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యెను. కట్టప్ప అనువాడు మాహిష్మతి సింహాసనమునకు తరతరములుగా దాస్యము చేయుదుమని ప్రమాణము చేసిన వంశమువాడు. రాజకుమారుడైన అమరేంద్ర బాహుబలి అతనిని ప్రేమతో "మామా" అని పిలుచును. ఆ బాహుబలినే కట్టప్ప వెనుకనుండి కత్తితో పొడిచి చంపును. అనేక సంవత్సరములు గడచిన పిమ్మట చనిపోయినవాని కుమారుడు వచ్చి, నా తండ్రి ఎక్కడ అని అడుగును. అతడు లేడనియు, శత్రువుల చేతిలో గాక స్వజనుల ద్రోహము చేత చనిపోయెననియు తెలిసినప్పుడు, ఆ ద్రోహి ఎవడని అడుగును. అందుకు కట్టప్ప, కన్నీళ్లతో, చుట్టునున్నవారందరు వినుచుండగా, అది తానేయని చెప్పును. మొదటి భాగము అక్కడ ముగియును.

చంపిన కారణము రెండవ భాగములో తెలియును. భల్లాలదేవుడును అతని తండ్రియు పన్నిన కుట్రను నమ్మి రాజమాత శివగామి బాహుబలిని చంపుమని ఆజ్ఞాపించెను. కట్టప్ప బ్రతిమాలెను. నీవు చంపనియెడల నేనే చంపుదునని ఆమె చెప్పగా, తల్లి చేతికి కుమారుని రక్తము అంటకూడదని అతడు ఆ పని తన మీద వేసికొనెను. అనగా కట్టప్పకు చెప్పుకొనదగిన కారణము కలదు. అది చిన్న కారణము కాదు. దానిని వినుటకు ప్రేక్షకులు ఒక సంవత్సరము తొమ్మిది మాసములు వేచియుండిరి. కట్టప్ప ఎందుకు చంపెనను ప్రశ్న ఆ కాలమంతయు టీ బండ్ల యొద్దను, బస్సులలోను, బడులలోను నలిగెను.

ఇప్పుడు ఆ పిల్ల చెప్పినట్లు మాటను కొంచెము మార్చి చూతము. కుమారుడు ద్రోహి ఎవడని అడిగినప్పుడు కట్టప్ప, "రాజమాత ఆజ్ఞాపించినందున నేను చంపవలసివచ్చెను" అని చెప్పెననుకొనుడి. ఈ మార్చిన మాటలో ఒక్క అబద్ధమైనను లేదు. ఆజ్ఞ నిజము. చంపుట నిజము. కట్టప్ప నిజముగా చెప్పిన మాటకంటె ఇందులో సమాచారము ఎక్కువ. అయినను కట్టప్ప వేరొక మనుష్యుడైపోవుచున్నాడు. మొదటి మాట చెప్పినవానిని చూచి మనము కన్నీరు పెట్టితిమి. రెండవ మాట చెప్పినవానిని చూచి, పాపము వీడేమి చేయును అని జాలిపడుదుము, లేక వీడు తప్పించుకొనుచున్నాడు అని విసుగుకొందుము. ఆ కుమారుడు అతనిని ఎదుట నిలువనిచ్చి మిగిలిన కథ విననిచ్చునా అనునది కూడ సందేహమే.

కారణమునకు సరియైన చోటు ఒకటి కలదు. తప్పు ఒప్పుకొనక మునుపు చెప్పిన కారణము సాకు అగును. ఒప్పుకొనిన తరువాత, అడిగినప్పుడు చెప్పిన అదే కారణము సాక్ష్యము అగును. అక్షరములు అవే. చెప్పువాడు నిలిచిన స్థలము మారినది. మొదటివాడు తనను కాపాడుకొనుటకు కారణమును అడ్డముగా పెట్టుకొనెను. రెండవవాడు తన తల నరకబడినను సరేయని ముందుకు వచ్చి, ఆ మీదట సత్యము తెలియుటకు కారణమును చెప్పుచున్నాడు.

వాక్యములో ఈ భేదమును సౌలు, దావీదుల యందు స్పష్టముగా చూడగలము. అమాలేకీయుల సంగతిలో సౌలు ఆజ్ఞ మీరి వారి రాజును, మంచి పశువులను బ్రతుకనిచ్చెను. సమూయేలు నిలదీయగా మొదట నెరవేర్చితిననెను. పిమ్మట జనులు బలి నిమిత్తము వాటిని తెచ్చిరనెను. చివరకు పాపము చేసితినని ఒప్పుకొనెను గాని, జనులకు భయపడి చేసితినని దానికి తోక తగిలించెను. అంతటితో ఊరకుండక, పెద్దల యెదుట నన్ను ఘనపరచుమని సమూయేలును వేడుకొనెను. దావీదు పాపము సౌలు పాపముకంటె చూడ భయంకరమైనది. పరుని భార్యను తీసికొని, ఆమె భర్తయైన ఊరియాను యుద్ధములో చంపించెను. అయితే నాతాను వచ్చి నిలదీసినప్పుడు దావీదు పలికిన ఒప్పుకోలు మన బైబిలులో ఒక్క చిన్న వాక్యము. ముందు కారణము లేదు, వెనుక మనవి లేదు. పాపము చేసితినను ముక్కను ఇద్దరును పలికిరి. ఆ ముక్క చుట్టు ఉన్న మాటలే వారిని వేరుచేసెను.

తప్పిపోయిన కుమారుని కథలో ఇంకను సూక్ష్మమైన సంగతి ఒకటి కలదు. పందుల దొడ్డిలో కూర్చుండి అతడు తండ్రితో చెప్పవలసిన మాటలను ముందుగా సిద్ధము చేసికొనెను. నాటకములో వేషము వేయువాడు పాఠము వల్లించినట్లు వల్లించెను. ఆ మాటలు మూడు: పాపము చేసితిని, కుమారుడనని పిలువబడ తగను, నన్ను కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము. తండ్రి పరుగెత్తివచ్చి మెడమీద పడిన తరువాత అతడు నిజముగా పలికినవి మొదటి రెండే. మూడవది మన తెలుగు బైబిలులో అక్కడ కనబడదు. తండ్రి చెప్పనీయలేదా, లేక ఆ కౌగిలిలో బేరము అతనికే సిగ్గనిపించెనా? ఏదైనను, ఇల్లు చేరినది బేరము లేని ఒప్పుకోలు.

చిత్రములో శివగామి కూడ ఇట్టిదే. కట్టప్ప వచ్చి సత్యము చెప్పిన పిమ్మట ఆమె తన తప్పును తెలిసికొని, పసివాడే రాజు అని ప్రకటించి, అతనిని ఎత్తుకొని పారిపోయెను. మొదటి భాగము ఆరంభములోనే, నదిలో మునిగిపోవుచు, పసివానిని ఒక చేతితో నీటిపైకి ఎత్తి పట్టుకొని, తన పాపములకు తన ప్రాణము తీసికొని బిడ్డను బ్రతికింపుమని తన దైవమును వేడుకొనెను. ఆమె మనవి చేసెను గదా, అది బేరము కాదా అని మీరు అడుగవచ్చును. ఆ మనవిలో తనకు ఏమియు మిగుల్చుకొనలేదు. సౌలు కోరినది తన గౌరవము. ఈమె కోరినది తాను అన్యాయము చేసినవాని బిడ్డ ప్రాణము. "నన్ను బ్రతికింపుము, నేను వీనిని పెంచెదను" అని ఆ మాటను మార్చినయెడల నీటిపైన ఉన్న ఆ చేతిని మనము ఇంతగా జ్ఞాపకముంచుకొందుమా?

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి కలదు. దాసుడు తప్పంతయు తనమీద వేసికొనినయెడల, ఆజ్ఞ ఇచ్చినవారు, కుట్ర పన్నినవారు తప్పించుకొనరా? ఇది మన ప్రాంతమునకు క్రొత్త ప్రశ్న కాదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుష్యులు ఊరేగింపుపై కాల్పులు జరుపగా దొడ్డి కొమురయ్య చనిపోయెను. జనగామ ప్రాంతములో ఆ దినములలో దొర ఒకడు, దొర పనుపున కర్రయు తుపాకియు పట్టినవాడు మరియొకడు. కొట్టినవాడును పేదవాడే, కొట్టబడినవాడును పేదవాడే. అట్టివాడు దొర మాట ఎత్తకుండ తప్పు నాదే అని ఊరకుండినయెడల దొరకే మేలు గదా?

నాతాను దీనికి త్రోవ చూపుచున్నాడు. ఊరియాను కొట్టిన ఖడ్గము అమ్మోనీయులది. ముందు వరుసలో నిలిపినవాడు యోవాబు. ఉత్తరము వ్రాసినవాడు దావీదు. నాతాను ఖడ్గమును తిన్నగా దావీదు చేతిలోనే పెట్టెను. అందువలన యోవాబు నిర్దోషి అని ఎవరును చెప్పరు. పొలము నలుగురు అన్నదమ్ములు పంచుకొనిన ఒక్కొక్కనికి పావు వంతు వచ్చును. పాపము అట్లు పంచుకొనిన తగ్గదు. నలుగురు కలిసి చేసిన పాపము ఒక్కొక్కని మీద నిండుగా ఉండును. కట్టప్ప నేనే అనుటవలన భల్లాలదేవుని భారము తగ్గలేదు. నిజమునకు, తన్ను కాపాడుకొనని సాక్షి గనుకనే అతడు తరువాత చెప్పిన కుట్ర మాటను ఆ కుమారుడు నమ్మగలిగెను.

లోకపు న్యాయస్థానములు కూడ ఈ క్రమమునకే వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత నురెంబర్గులో నాజీ నాయకులను విచారించుటకై 1945 ఆగస్టు 8న లండనులో నాలుగు రాజ్యములు ఒక నిబంధనావళిని ఏర్పరచెను. పై అధికారి ఆజ్ఞ ప్రకారము చేసితినని చెప్పినంతమాత్రమున ఎవడును బాధ్యతనుండి విడిపింపబడడని దాని ఎనిమిదవ అధికరణము చెప్పుచున్నది. అయితే న్యాయము కోరునని తోచినయెడల శిక్షను తగ్గించుటకు ఆ సంగతిని ఆలోచింపవచ్చునని కూడ అందులోనే కలదు. చూడుడి: మొదట బాధ్యత, ఆ మీదట కారణము. కారణమును ఎవరును త్రోసివేయలేదు. దానిని రెండవ స్థానములో కూర్చుండబెట్టిరి.

ఇప్పుడు నా సంగతి. 2014 చివర పత్తి కాలములో నేను ఒక కొనుగోలు దుకాణములో గుమాస్తాగా ఉంటిని. కాంటా దగ్గర కూర్చుండి చిట్టీలు వ్రాయుట నా పని. తేమ యున్నను లేకున్నను క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీసివేయుమని యజమాని చెప్పెను. నేను తీసివేసితిని. దగ్గర తండానుండి వచ్చిన ఒక పెద్దాయన పత్తి 12 క్వింటాళ్లు తూగెను. అది ఎండిన పత్తియని చేతితో పట్టినప్పుడే నాకు తెలిసెను. అయినను 24 కిలోలు తరుగు వ్రాసితిని. ఆయనకు చదువు రాదు. చిట్టీ మడిచి తలపాగాలో పెట్టుకొని పోయెను. తరువాత ఎవరో లెక్క చెప్పగా తిరిగివచ్చి, గుమ్మము దగ్గర నిలిచి నన్ను చూచెను. నేను, "సేటు చెప్పిండు కాకా, నేను రాసిన. నన్నేం చెయ్యమంటవు?" అంటిని.

ఆయన కోపపడలేదు. "రాసిన చెయ్యి ఎవరిది బిడ్డా?" అని అడిగి, జవాబు కొరకు కొంచెము నిలిచి, వెళ్లిపోయెను.

నేను చెప్పినదానిలో అబద్ధము లేదు. యజమాని చెప్పుట నిజము. నా ఇంట్లో పెండ్లికి ఉన్న కూతురు ఉండుట నిజము. ఆ ఉద్యోగము పోయిన వేరొకటి దొరకకపోవుట నిజము. ఈ నిజములన్నిటిని అడ్డము పెట్టుకొని నేను మూడు సంవత్సరములు సుఖముగా నిద్రించితిని. కట్టప్ప సినిమా రెండు భాగములును అందరితో కూడ చూచితిని. అందరివలెనే అతడు ఎందుకు చంపెనని అడిగితిని. నా సంగతి నాకు తట్టలేదు. ఆ ఆదివారము ఆ పిల్ల మాట విన్న తరువాతనే నా మాటయు కట్టప్ప చెప్పని మాటయు ఒక్కటేయని తెలిసెను.

మరుసటి వారము నేను తండాకు పోయితిని. ఆ యేటి ధర క్వింటాలుకు 4,000 రూపాయలు. 24 కిలోలకు 960 రూపాయలు. ఆ డబ్బు జేబులో పెట్టుకొని, చెప్పవలసిన మాటలను త్రోవ పొడవునను ఆ చిన్న కుమారునివలెనే వల్లించుకొనుచు పోయితిని. ముసలివాడు వేపచెట్టు క్రింద మంచము మీద కూర్చుండెను. నా నోట మొదట వచ్చుటకు సిద్ధముగా ఉన్న మాట, సేటు అప్పుడు చెప్పిండు గనుక అనునదే. ఇన్ని సంవత్సరముల తరువాతను అదియే నాలుక చివర ఉండెను. దానిని మ్రింగుట ఎంత కష్టమో మ్రింగినప్పుడే తెలియును. చివరకు, "కాకా, ఆ తరుగు నేను దొంగతనంగ రాసిన" అంటిని. అంతే. ఇంకొక మాట రాలేదు.

ఆయన నోట్లు రెండు మారులు లెక్కపెట్టుకొనెను. వద్దని మర్యాదకైనను అనలేదు. అది ఆయన డబ్బు గదా. పిమ్మట నన్ను కూర్చుండుమని చెప్పి, మనుమరాలిని పిలిచి నీళ్లు ఇప్పించెను. నేను నీళ్లు త్రాగుచుండగా అడిగెను: "మిగతా వాళ్లయి?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి పోలేదు. ఆ కాలములో నేను వ్రాసిన చిట్టీలు ఒకటి కాదు. సేటు పేరు చెప్పినంతకాలము ఆ చిట్టీలన్నియు సేటు లెక్కలోనే ఉండెను. నేనే వ్రాసితినని ఒక్కసారి చెప్పగానే అవియన్నియు నా లెక్కలోనికి వచ్చెను.

ఇందువలననే కట్టప్పయందు కూడ ఒక లోటును నేను ఇప్పుడు చూచుచున్నాను. అతని మాట గొప్పది. కాని బాహుబలిని చంపిన తరువాత, కుట్ర తెలిసిన తరువాత, అతడు ఇరువదియైదు సంవత్సరములు ఆ భల్లాలదేవుని సింహాసనమునకే దాస్యము చేసెను. సంకెళ్లలో ఉన్న దేవసేనను చూచి ఏడ్చెను గాని తన ప్రమాణమును విడిచి ఆ సింహాసనమును ఎదిరింపలేదు. మాట ద్వారము వంటిది. దానిని తెరిచి గడప మీదనే నిలుచుండువాడు ఇంటిలోనికి వచ్చినట్లు కాదు. జక్కయ్య ఒప్పుకోలును మనము జ్ఞాపకముంచుకొనుటకు కారణము అతడు ఆ భోజనపు దినముననే లెక్క తీసి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననుట. నేను ఒకంతయే ఇచ్చితిని, అదియు ఒక్కనికే.

పాత చిట్టీల పుస్తకము నా యొద్ద ఒకటి మిగిలియున్నది. అందులో పేర్లు కలవు, ఊర్లు కలవు. కొందరు చనిపోయిరి. వారి పిల్లలున్నారు. నా పింఛను లెక్కకు అందరిని చేరుటకు ఎంతకాలము పట్టునో చూచుకొనుచున్నాను. ఇంతవరకు నలుగురి యొద్దకు పోయితిని. ఒకరు తిట్టిరి. ఒకరు జ్ఞాపకమే లేదనిరి. ఇద్దరు తీసికొనిరి. నలుగురి యొద్దను ఆ "సేటు చెప్పిండు" అను మాట నాలుక చివరకు వచ్చెను. ఒకని యొద్ద జారిపోయెను కూడ. తిరిగివచ్చు త్రోవలో దానికి సిగ్గుపడితిని.

వచ్చు కూటములో ఆ పిల్లకు నేను ఒక జవాబు బాకీ ఉన్నాను. ఆమె చెప్పినది సరియేనని అందరి యెదుట చెప్పవలెను. ఎందుకు సరియో కూడ, నా చిట్టీల పుస్తకము చేత పట్టుకొని, చెప్పవలెను. ఈ పత్రిక చదువుచున్న మీలో కూడ ఎవరో ఒకరు, ఎవరికో ఒకరికి ఒక మాట బాకీ ఉందురు. ఆ మాటను ఈ రాత్రి ఒక కాగితము మీద వ్రాసి చూడుడి. అందులో "ఎందుకనగా" అనునది మొదటి పంక్తిలో ఉన్నదా, చివరి పంక్తిలో ఉన్నదా? మొదటి పంక్తిలో ఉన్నయెడల దానిని కొట్టివేసి, తిరిగి వ్రాసి, ఆ తరువాత వారి గుమ్మమునకు పొండి.